దేశం గుట్టు దాచినవాడు

పార్వతీపురం, శ్రీకాకుళం, బెజవాడ, అనంతపురం, కర్నూలు... అన్నీ మన ఊళ్లే! వందేళ్ల పైచిలుకు కిందట జూలియస్ ట్యూరింగ్ అనే ఐసీఎస్ దొర ఉద్యోగరీత్యా భార్య సారాతో కలిసి తిరిగిన ఊళ్లివి. సారా కూడా మద్రాసు రాష్ట్రంలోనే పుట్టింది. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీరు. గంజాం జిల్లా ఛత్రపురంలో కాపురం ఉండగా సారా రెండోసారి నెల తప్పింది. కాన్పు మాత్రం లండన్‌లో జరిగింది. 1912 జూన్ 23న పుట్టిన ఆ పిల్లవాడే అలన్ ట్యూరింగ్.

మన చేతిలో సెల్‌ఫోన్ దగ్గర్నుంచి బ్యాంకులో కంప్యూటర్ దాకా అన్నిటి వెనకా ఇతని ఆలోచన ఉంది. అంతటివాడిని ఇంగ్లండు సర్కారు తన రహస్య విభాగం గడప తొక్కనివ్వలేదు. ఎందుకో తెలుసా? పనిలో తప్పు దొరికి కాదు. అతను మగవాళ్లని ప్రేమించే మగవాడని తెలిసి!

తల్లి ఒక దేశం, బిడ్డ ఒక దేశం

అలన్‌కి ఏడాది దాటీ దాటకుండానే సారా భర్త దగ్గరికి ఇండియా వచ్చేసింది. ఇక్కడి ఎండలకి పసివాళ్లు తట్టుకోలేరని ఆ రోజుల్లో తెల్లవాళ్ల భయం. అన్నదమ్ములిద్దర్నీ ఇంగ్లండులో ఒక రిటైర్డు మిలటరీ ఆఫీసరు ఇంట్లో వదిలారు. సెలవు మీద వెళ్లినప్పుడే తల్లికి పిల్లల ముఖం చూసే భాగ్యం.

స్కూల్లో లెక్కలూ సైన్సూ తప్ప మిగతావన్నీ అంతంతమాత్రం. దస్తూరీ కోడి కెలికినట్టుండేది. అక్కడ దొరికిన ఒకే ఒక్క ప్రాణస్నేహితుడు క్రిస్టొఫర్ మోర్కమ్. అతను 1930లో క్షయతో చనిపోయాడు. అలన్ ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. క్రిస్టొఫర్ తల్లికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. కొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లీ, నేస్తాన్ని పోగొట్టుకున్న ఈ పిల్లవాడూ ఒకరికొకరు ఓదార్పయ్యారు.

ఆ తర్వాత కేంబ్రిడ్జి చదువు. 1936లో, ఇరవై నాలుగేళ్లకే, ఒక పరిశోధనా పత్రం రాశాడు. ఏ లెక్కనైనా చిన్న చిన్న ఆజ్ఞలుగా విడగొట్టి ఇస్తే ఒకే యంత్రం అన్ని పనులూ చేయగలదన్నది అందులో సారాంశం. ఆ యంత్రం అప్పటికి కాగితం మీదే ఉంది. నేటి కంప్యూటరు అదే!

యుద్ధంలో గెలిపించిన లెక్క

1939లో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో పనికి చేరాడు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో తమ వార్తలన్నీ గుప్తభాషలోకి మార్చి పంపేవాళ్లు. బ్రిటన్‌కి తిండిగింజలు తెచ్చే ఓడల్ని వాళ్ల జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. ఆ గుప్తభాష విప్పితే తప్ప దేశానికి కూడు దొరకదు. పోలండు గణితవేత్తలు అప్పటికే వేసిన బాట పట్టుకుని ట్యూరింగ్ కొత్త యంత్రం తయారుచేయించాడు. జర్మన్ నౌకాదళం ఎనిగ్మాని ఛేదించే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు.

మనిషి కాస్త విచిత్రమే. పుప్పొడి పడక తుమ్ములొస్తాయని విషవాయువు మాస్కు తగిలించుకుని సైకిలు తొక్కేవాడు. టీ కప్పు ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టేసుకునేవాడు!

బ్లెచ్లీలో పనిచేసేవాళ్లలో ముప్పాతిక వంతు ఆడవాళ్లే. వాళ్లలో జోన్ క్లార్క్ గణితంలో దిట్ట. అయినా మగవాళ్లకిచ్చే జీతం ఆమెకి లేదు. ఆమెకి జీతం పెంచాలంటే తగిన హోదా ఆడవాళ్లకి లేదు కాబట్టి, ఏ పరాయి భాషా రాకపోయినా భాషావేత్త అని రాసుకోవాల్సి వచ్చింది! 1941లో ట్యూరింగ్ ఆమెని పెళ్లి చేసుకుంటానన్నాడు. సరేనంది. కానీ తన మనసు మగవాళ్ల వైపు పోతుందన్న సంగతి దాచకుండా కొద్దిరోజుల్లోనే చెప్పేశాడు. ఆమె గాభరాపడలేదు. చివరికి ఆ పెళ్లి ఆమెకి అన్యాయమవుతుందని అతనే విరమించుకున్నాడు. స్నేహం మాత్రం పోలేదు. ఊరికోసం పెళ్లాడి ఒక ఆడపిల్ల బతుకు బుగ్గి చేసేవాళ్లని మనం చూడలేదా? ట్యూరింగ్ ఆ పని చేయలేదు.

దొంగతనం కేసు తిరగబడింది

యుద్ధమయ్యాక మాంచెస్టర్ యూనివర్సిటీలో చేరాడు. ప్రభుత్వ రహస్య విభాగానికి సలహాదారుగా కూడా పనిచేసేవాడు. 1952 జనవరిలో ఇంట్లో దొంగలు పడ్డారు. పోలీసులకి ఫిర్యాదు చేశాడు. వాళ్లు కూపీ లాగితే, తనకొక యువకుడితో సంబంధం ఉందని దాపరికం లేకుండా చెప్పాడు. దొంగ సంగతి పక్కకిపోయి, ఫిర్యాదు చేసినవాడే ముద్దాయి అయ్యాడు! 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం.

మార్చి 31న కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జైలు తప్పాలంటే హార్మోన్ చికిత్సకి ఒప్పుకోవాలి. ఏడాదిపాటు ఈస్ట్రోజన్ ఎక్కించారు. ఒళ్లు లావెక్కింది, ఛాతీ పెరిగింది. అయినా పని ఆపలేదు. జంతువుల ఒంటిమీద చారలూ మచ్చలూ ఎలా ఏర్పడతాయో లెక్కల్లో చూపించిన గొప్ప వ్యాసం అచ్చయింది ఆ ఏడాదే.

ఇక్కడే రెండు కొలువుల తీరు చూడండి. సర్కారు అతని రహస్య అనుమతి రద్దు చేసింది. ఇలాంటివాళ్లని శత్రువులు బెదిరించి గుట్టు రాబట్టగలరని వాళ్ల వాదన. ఇంటికొచ్చే విదేశీ స్నేహితుల మీద కూడా పోలీసులు కన్నేశారు. కానీ బెదిరించడానికి దాచింది ఏముంది, అంతా తనే చెప్పేస్తే! ప్రేమని దాచుకోవాల్సిన పరిస్థితి తెచ్చింది చట్టం. దాచుకుంటారు కాబట్టి నమ్మలేమంది సర్కారు. యుద్ధకాలంలో తను చేసిన పనేమిటో కన్నతల్లికి కూడా చెప్పకుండా నోరు కట్టేసుకున్న మనిషతను. ఆ గుట్టు లోకానికి తెలిసింది 1974లో, అతను పోయిన ఇరవై ఏళ్లకి!

యూనివర్సిటీ అలా చేయలేదు. విభాగం పెద్ద మ్యాక్స్ న్యూమన్, బ్లెచ్లీ సహోద్యోగి హ్యూ అలెగ్జాండర్ కోర్టుకి వచ్చి అతని తరఫున సాక్ష్యం చెప్పారు. 1953లో యూనివర్సిటీ అతనికోసం కొత్తగా రీడర్ పదవి సృష్టించింది.

1954 జూన్ 7న సైనైడ్‌తో ట్యూరింగ్ ప్రాణం పోయింది. నలభై రెండు నిండలేదు. మంచం పక్కన సగం కొరికిన ఆపిల్. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. సారా మాత్రం, ప్రయోగాలు చేస్తుండగా చేతికంటిన విషం పొరపాటున నోట్లోకి పోయిందనే చివరిదాకా నమ్మింది. 1959లో కొడుకు జీవితచరిత్ర రాసింది. అందులో కోర్టు కేసు ఊసే లేదు. తల్లి మనసు!

ఆలస్యంగా అడిగిన క్షమాపణ

2009లో బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. ఇలాంటివాళ్లకి గూఢచారి విభాగాల్లో ఉద్యోగాలివ్వకూడదన్న నిషేధం 1991లో పోయింది. నాడు ట్యూరింగ్‌ని గెంటేసిన విభాగం అధిపతి 2016లో అలాంటి ఉద్యోగులందరినీ క్షమించమని అడిగారు. 2021లో యాభై పౌండ్ల నోటు మీద ట్యూరింగ్ బొమ్మ వేశారు.

ఆ తెల్లవాళ్లే 1860లో మన నెత్తిన 377 సెక్షన్ పెట్టారు. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకి అది వర్తించదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. ఇలాంటి వివక్ష రాజ్యాంగ విరుద్ధమంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2010లో, అలీగఢ్‌లో మరాఠీ ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి కెమెరాతో జొరబడితే, యూనివర్సిటీ ఆయన్నే సస్పెండు చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వు నిలిపేసిన వారంలోపే ఆయన శవమై కనిపించారు.

ఇంటర్వ్యూలో పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు అని అడిగితే మనకి ఒళ్లు మండదూ? పనికీ, ఇంటి సంగతికీ సంబంధమేమిటని అడుగుతాం. ఆఫీసులో పక్క సీటు అబ్బాయి మీదో అమ్మాయి మీదో వెనక ఎకసెక్కాలు సాగుతున్నప్పుడు కూడా ఆ మాటే అడగాలి. న్యూమన్ చేసింది అదే. తన దగ్గర పనిచేసే మనిషి బోనెక్కితే, వెళ్లి అతని మంచి చెప్పి వచ్చాడు.