మూత్రపిండాన్ని మిగిల్చిన శస్త్రవైద్యుడు విన్సెంజ్ చెర్నీ

మూత్రపిండంలో కణితి ఏర్పడినప్పుడు అవయవాన్ని పూర్తిగా తొలగించాలా, వ్యాధి సోకిన భాగాన్ని మాత్రమే కోసివేసి మిగిలినదానిని నిలుపుకోవాలా అన్న ప్రశ్న నేడు ప్రతి యూరాలజీ విభాగంలోనూ వినిపిస్తుంది. కణితి ఉన్న మేరకే తొలగించి, ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కాపాడే శస్త్రచికిత్సను 1887లోనే నిర్వహించినవారు జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు విన్సెంజ్ చెర్నీ.

ఆయన 1842 నవంబరు 19న నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బొహీమియా ప్రాంతంలో, ట్రౌటెనౌ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. ప్రాగ్, వియన్నా నగరాలలో వైద్యవిద్య అభ్యసించి 1866లో పట్టభద్రులయ్యారు. మొదట నేత్రవైద్యంపై ఆసక్తి చూపినా, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు థియోడర్ బిల్‌రోత్ వద్ద సహాయకునిగా చేరడంతో ఆయన మార్గం స్థిరపడింది. అన్నవాహికను, స్వరపేటికను తొలగించిన తరువాత కూడా ప్రాణి జీవించగలదా అన్న విషయంపై కుక్కలలో ప్రయోగాలు జరిపారు. జంతువులలో నిర్ధారించుకున్న తరువాతే మనిషిపై కత్తి పెట్టాలన్న క్రమశిక్షణ ఆయనకు అక్కడ అలవడింది.

1871లో ఫ్రైబుర్గ్‌లో ఆచార్య పదవి లభించేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. మరుసటి సంవత్సరం ప్రసిద్ధ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ కుమార్తె లూయిజేను వివాహమాడారు. 1877లో హైడెల్‌బర్గ్ శస్త్రచికిత్స పీఠాన్ని అధిష్ఠించారు. అంతకుముందు ఆ పీఠంలో ఉన్న గుస్టావ్ సైమన్ మూత్రపిండ శస్త్రచికిత్సకు ఆద్యుడు. రెండింటిలో ఒక మూత్రపిండంతోనే శరీరం నిలబడగలదని కుక్కలపై నిరూపించుకొని, 1869 ఆగస్టు 2న ఒక మహిళకు మూత్రపిండాన్ని విజయవంతంగా తొలగించారు. ఒక్క మూత్రపిండం చాలునని సైమన్ చూపితే, రోగగ్రస్తమైన మూత్రపిండంలోనూ కొంత భాగాన్ని కాపాడవచ్చునని అదే పీఠం నుంచి చెర్నీ చూపారు.

ఆ పని ఎంత కష్టమో గ్రహించాలంటే అవయవ నిర్మాణాన్ని తెలుసుకోవాలి. గుండె పంపే రక్తంలో సుమారు ఐదవ వంతు రెండు మూత్రపిండాల గుండా ప్రవహిస్తుంది. అందువల్ల కోత పడగానే రక్తస్రావం ఉద్ధృతంగా ఉంటుంది. రక్తనాళాన్ని బిగించి ప్రవాహాన్ని ఆపితే, ప్రాణవాయువు అందక కణజాలం దెబ్బతినడం మొదలవుతుంది. కుట్లు నిలవకపోతే మూత్రం లోపలికి కారుతుంది. రక్తమార్పిడి, యాంటీబయోటిక్ మందులు లేని కాలమది. ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నది 1895లో. అంటే కణితి ఎంత మేర వ్యాపించిందో కోసి చూసేదాకా తెలియదు.

చెర్నీ దృష్టి మూత్రపిండానికే పరిమితం కాలేదు. 1877లో మెడ భాగంలోని అన్నవాహిక క్యాన్సర్‌ను కోసి తొలగించారు. గర్భాశయ, ఉదర శస్త్రచికిత్సలలోనూ నూతన పద్ధతులు ప్రవేశపెట్టారు. 1894లో బిల్‌రోత్ మరణానంతరం వియన్నా పీఠం ఆయనను ఆహ్వానించగా, నిరాకరించి హైడెల్‌బర్గ్‌లోనే ఉండిపోయారు. కత్తితో మాత్రమే క్యాన్సర్‌ను జయించలేమన్న అవగాహనతో 1906లో ఆచార్య పదవిని వదలి, రోగుల చికిత్సనూ పరిశోధననూ ఒకే కప్పు కింద నడిపే క్యాన్సర్ సంస్థను స్థాపించారు. రేడియం, ఎక్స్‌రే చికిత్సలను అక్కడ పరీక్షించారు. 1916 అక్టోబరు 3న హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశారు. ఆయనకు సోకిన రక్త క్యాన్సర్‌కు ఆ కిరణాలే కారణమై ఉండవచ్చునని భావిస్తారు.

ఆయన చూపిన మార్గం చాలాకాలం ఆదరణకు నోచుకోలేదు. 1960 దశకంలో కెనడా వైద్యుడు రాబ్సన్ ప్రకటించిన ఫలితాలతో మూత్రపిండాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తొలగించడమే ప్రమాణంగా నిలిచింది. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ పరీక్షలు వ్యాపించిన తరువాత చిన్న కణితులు ముందుగానే బయటపడసాగాయి. అప్పుడు చెర్నీ మార్గం మళ్ళీ తెరుచుకుంది. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మూత్రపిండ సామర్థ్యం హద్దు కంటే తగ్గకుండా మూడేళ్ళు గడిపే అవకాశం పాక్షిక తొలగింపులో 80 శాతం కాగా, పూర్తి తొలగింపులో 35 శాతమేనని తేలింది. అయితే 541 మందిపై జరిగిన ఐరోపా పరీక్ష 2011లో వెల్లడించిన ఫలితాలలో పాక్షిక చికిత్స ఆయుష్షును పెంచినట్లు కనబడలేదు. అందువల్ల కణితి పరిమాణం, స్థానం, రెండవ మూత్రపిండం స్థితి చూసి నిర్ణయించడమే నేటి పద్ధతి.

రక్తనాళాన్ని బిగించి ఉంచే సమయాన్ని 25 నుంచి 30 నిమిషాలకు మించనీయకపోవడం, అవసరమైతే మూత్రపిండాన్ని మంచుతో చల్లబరచడం వైద్యులు పాటించే జాగ్రత్తలు. దిల్లీని ఆనుకొని ఉన్న ఫరీదాబాద్‌లో 2,600 పడకల లక్ష్యంతో నిర్మించిన అమృత ఆసుపత్రిని 2022 ఆగస్టు 24న ప్రధానమంత్రి ప్రారంభించారు. దేశంలోని ఇటువంటి పెద్ద ఆసుపత్రులలో నేడు రోబో సాయంతో జరిగే పాక్షిక తొలగింపునకు మూలసూత్రం చెర్నీ చేపట్టినదే.

మూత్రపిండంలో వడపోత సాగించే నెఫ్రాన్‌లు ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షలు ఉంటాయి. ఒకసారి నశిస్తే అవి తిరిగి పుట్టవు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికీ, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల ప్రజలకూ రెండవ మూత్రపిండం బలంగా ఉంటుందన్న భరోసా లేదు. అటువంటి రోగికి శస్త్రవైద్యుడు మిగల్చగలిగిన భాగమే డయాలసిస్‌కు దూరంగా గడిపే సంవత్సరాలను నిర్ణయించవచ్చు.