తోలు పోగును చదివిన శాస్త్రజ్ఞుడు: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

పేరు చూసి స్త్రీ అనుకుంటారేమో, కాదు. డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు 1922 సెప్టెంబర్ 10న నాటి గుంటూరు జిల్లా, తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, మద్రాసు వెళ్లి తోళ్ల పరిశ్రమ చదువులో చేరారు.

ఆ రోజుల్లో అది చిన్న నిర్ణయం కాదు. మా మోకిల, చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ఒకప్పుడు తోలు లేనిదే సేద్యం లేదు. బావిలో నీళ్లు తోడే మోట తోలుదే, కాలికి చెప్పు తోలుదే. చచ్చిన ఎద్దు తోలు ఒలిచి, తంగేడు చెక్కతో పదును చేసి ఇచ్చింది మాదిగ కుటుంబాలు. మోట మనకు కావాల్సి వచ్చింది గానీ దాన్ని కుట్టిన మనిషిని ఊరి బయటే ఉంచాం. కాపు బిడ్డ ఎవరైనా కంపు కొట్టే తోళ్ల మధ్య బతుకుతానంటే ఇంట్లో ఒప్పుకుంటారా? నాయుడమ్మ గారు ఆ గీత దాటారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఇదే విషయం మీద డాక్టరేటు చేసి వచ్చారు.

ఇంతకీ తోలులో శాస్త్రం ఏముంది? తోలంటే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకున్న చాప. ఒక్కో కొల్లాజెన్ అణువు మూడు పేటలు వేసి పేనిన తాడులాంటిది. పచ్చితోలు కుళ్లిపోతుంది, సుమారు 65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణంతో పదును చేస్తే ఆ లోహం పోగుల మీది కార్బాక్సిల్ గుంపులను పట్టుకుని పక్కపక్క పేటలను ముడివేస్తుంది. అప్పుడు మరిగే నీళ్లలో వేసినా తోలు తట్టుకుంటుంది. ఈ ముడులు ఎక్కడ, ఎలా పడతాయన్నదే ఆయన పరిశోధన. తరువాత సహచరులతో కలిసి కొల్లాజెన్ పోగుకే పాలిమర్ గొలుసులను అతికించారు. మామిడికి అంటు కట్టినట్టే ఇదీ, వేరు ఒకటి, కొమ్మ ఇంకొకటి.

ఈ ఆలోచన ఈనాటి ప్రయోగశాలల్లోనూ నడుస్తోంది. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో సూది మొన నుంచి కారే పాలిమర్ ద్రావణానికి వేల వోల్టుల విద్యుత్తు పెడతారు. అది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగుగా సాగి, పలక మీద చాపలా పడుతుంది. ఆ చాపను పిర్రోల్, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాల్లో తడిపితే పోగుపోగుకూ నల్లని పాలిపిర్రోల్ పూత పట్టి, కరెంటు పారుతుంది. మనిషి యంత్రంతో చేసే ఈ చాపను పశువు చర్మం ఎప్పుడో అల్లింది. నాయుడమ్మ గారు నడిపిన మద్రాసు కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలోనే 2014లో తోలుకు పాలిపిర్రోల్ పట్టించి, టచ్ స్క్రీన్ మీద పనిచేసే తోలు తయారుచేసి చూపారు.

ఆ సంస్థ 1948లో మొదలైంది. 1958 నుంచి 1971 వరకు ఆయన దానికి డైరెక్టరు. 1965లో భట్నాగర్ బహుమతి, 1971లో పద్మశ్రీ వచ్చాయి. అప్పట్లో మన దేశం ముడితోళ్లు, సగం పదును చేసిన తోళ్లు చవగ్గా పంపి, విదేశీ బూట్లను చూసి మురిసేది. పని మనది, లాభం వాళ్లది. తోలు చెప్పుగా మారి ఇక్కణ్ణుంచే వెళ్లాలన్నది ఆయన పట్టుదల. 1971 నుంచి 1977 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, ప్రయోగశాలల విద్యను పల్లెకు చేర్చే పథకం పెట్టించారు. ఢిల్లీలో కూర్చున్న పెద్ద శాస్త్రజ్ఞుడికి తెలంగాణ పల్లెతో పనేమిటని ఆయన అనుకోలేదు. తర్వాత 1981–82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

1985 జూన్ 23న కెనడా నుంచి తిరిగి వస్తుండగా, ఆయన ఎక్కిన ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరం దగ్గర సముద్రం మీద బాంబు పేలి కూలిపోయింది. అందులోని 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆయనకప్పుడు 62 ఏళ్లు.

బతుకమ్మలో తంగేడు పువ్వు పేర్చుకుంటాం, తెలంగాణ రాష్ట్ర పుష్పమని గొప్పగా చెప్పుకుంటాం. ఆ చెట్టు చెక్కతో తోలు పదును చేసిన చేతులకు మాత్రం ఏ పండుగా లేదు. ఆ చేతుల్లో ఉన్నది రసాయన శాస్త్రమేనని నిరూపించడానికి నాయుడమ్మ గారు జీవితమంతా ఖర్చు పెట్టారు. రేపు మనలో ఎవరైనా కరెంటు పారే పోగు తయారుచేస్తే, దాని వల్ల ఎవరి ఇంట్లో దీపం వెలుగుతుందో కూడా లెక్క చూసుకోవాలి. ఆయన ప్రయోగాల్లో ఆ లెక్క ఎప్పుడూ ఉండేది.