ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం: ప్రకాశం పంతులుగారిపై నిందల్లో నిజమెంత?

ఒంగోలుకు సమీపంలోని వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న జన్మించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు తెలియని ఇల్లు మన జిల్లాలో ఉండదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరిగా ఆయన్ని పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. అయితే గద్దె మీద ఉన్న రోజుల్లో ఆయన పడినన్ని నిందలు పడినవారు తక్కువ. రెండుసార్లు ప్రభుత్వాధినేత అయ్యారు. రెండుసార్లూ గడువు నిండకుండానే దించేశారు. ఆ నిందల్లో నిజమెంతో, కక్ష ఎంతో విడదీసి చూడటం ఆయన పేరు పెట్టుకున్న జిల్లావాసులుగా మన విధి.

సంపాదించిందంతా పోగొట్టుకుని

తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయేనాటికి ప్రకాశంగారు చిన్నపిల్లవాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డల్ని సాకింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్లి చదివించారు. అక్కడే ప్లీడరై, మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివి వచ్చి, మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించారు.

1921లో సహాయ నిరాకరణోద్యమం పిలుపు అందుకుని ఆ ప్రాక్టీసు వదిలేశారు. అదే ఏడు స్వరాజ్య పత్రిక స్థాపించి, దాన్ని నిలబెట్టడానికి ఉన్నదంతా అందులో పోశారు. పత్రికా నిలవలేదు, ఆస్తీ మిగలలేదు. ఆ తర్వాత ప్రజలు సభల్లో ఇచ్చిన పర్సులతో ఆయన బతుకు గడిచింది. ఈ విషయమై గాంధీగారే అభ్యంతరం చెప్పారు. ప్రత్యర్థులకు అదొక ఆయుధమైంది. గాంధీగారి అభ్యంతరం నియమం కోసం కాబట్టి దాన్ని తప్పు పట్టలేము. కాని ఈ మాట పట్టుకుని ఆయన్ని డబ్బు మనిషిగా చూపినవారు, ఆయన ప్రజల కోసం ఖర్చు చేసుకున్నది ఎంతో లెక్కలోకి తీసుకోలేదు.

పదకొండు నెలల మద్రాసు పాలన

1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవిన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై, భూమికి అసలు హక్కుదారు రైతేనని తేల్చి నివేదిక ఇచ్చారు. వెంకటగిరి జమీ కింద నలిగిన దర్శి, పొదిలి రైతు కుటుంబాల పెద్దలకు ఆ మాట విలువ తెలుసు. 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టానికి ఆ నివేదిక బాట వేసింది.

1946 ఏప్రిల్‌లో, 73 ఏళ్ల వయసులో, ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. కాంగ్రెసు పెద్దలు కోరింది ఆయన్ని కాదు, రాజాజీని. అందువల్ల మొదటి రోజు నుంచీ సొంత పార్టీలోనే ఆయనకు ప్రతిపక్షం ఉంది. గ్రామాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని ఫిర్కా అభివృద్ధి పథకం తెచ్చారు. ఖద్దరు బతకాలని కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. పరిశ్రమలను చంపుతున్నారని గోల లేచింది. 1947 మార్చిలో ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది.

మిల్లుల విషయంలో ఆయన నిర్ణయం సరైనదో కాదో నేటికీ వాదించుకోవచ్చు. కమ్యూనిస్టులను ఆర్డినెన్సు కింద జైళ్లలో పెట్టించడం మాత్రం పొరపాటేనని చెప్పాలి. ఇతరులను సంప్రదించే ఓపిక కూడా ఆయనకు తక్కువ. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక సంగతి గుర్తించాలి. గ్రామ పథకాలు వేళ్లూనడానికి పదకొండు నెలలు చాలవు. ఫలితం వచ్చేదాకా ఆగి లెక్క అడగడం న్యాయం. విత్తిన నెలకే గింజలేవని అడగడం న్యాయం కాదు.

కర్నూలు డేరాల్లో

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కాంగ్రెసుకు సొంతంగా మెజారిటీ లేదు. ప్రజా సోషలిస్టు పార్టీలో ఉన్న ప్రకాశంగారు దాన్ని విడిచి, కాంగ్రెసు మద్దతుతో 81వ ఏట ముఖ్యమంత్రి అయ్యారు. పదవి కోసం పార్టీ మారారని విమర్శ వచ్చింది. పార్టీ మారిన మాట నిజమే. అయితే రాజధాని లేదు, కచేరీలకు కప్పు లేదు, చాలినంత ఆదాయం లేదు. ఆ స్థితిలో అది సుఖమైన పదవి కాదు.

రాజధాని తగాదాలో కోస్తావారి కోపానికి జంకకుండా 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను నిలబెట్టి కర్నూలునే ఉంచారు. హైకోర్టు 1954 జులైలో గుంటూరుకు వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. 1952 వరదకు గండిపడిన కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీకి 1954లోనే శంకుస్థాపన జరిగింది. అది 1957లో పూర్తయి, నేటికీ ఆయన పేరుతోనే డెల్టాకు నీరిస్తోంది.

మద్య నిషేధం పేరిట

మద్య నిషేధం సరిగా అమలు కావడం లేదని, దాని వల్ల ఖజానాకు నష్టమని, గీత పనివారి బతుకు పోయిందని అప్పుడు ఆందోళన సాగింది. గీత పనివారి పక్షాన గౌతు లచ్చన్నగారు నిలిచారు. వారి బాధ నిజమైనదే. ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమంది. ప్రకాశంగారు ఎత్తివేయలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. పదమూడు నెలల ప్రభుత్వం పడిపోయింది.

తర్వాత జరిగింది గమనించాలి. 1955 ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం వచ్చింది. నిషేధం మాత్రం చాలా ఏళ్లు కొనసాగింది. ఏ కారణం చెప్పి ఆయన్ని దించారో ఆ కారణం అలాగే ఉండిపోయింది. గీత పనివారికి ఒరిగింది లేదు. వారి బాధను వాడుకున్న పార్టీల పంతం మాత్రం నెగ్గింది.

పదవి పోయాక ప్రకాశంగారు ఇంట్లో కూర్చోలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడల పర్యటనలో వడదెబ్బ తగిలి, హైదరాబాదులో మే 20న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 84 ఏళ్లు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి వెనక ఆస్తి ఏమీ మిగల్లేదు.

ఏ నాయకుడినైనా గడువు మధ్యలో నిలదీసే హక్కు ప్రజలకు ఉంది. తప్పుంటే నిలదీయాలి కూడా. కాని అడిగేది ప్రజల బాధా, పార్టీల పంతమా అని ఒక్కసారి ఆలోచించుకోవాలి. ప్రకాశంగారి విషయంలో మన పెద్దలు ఆ ఆలోచన చేయడం ఒక్క ఓటంత ఆలస్యమైంది.