పులసకు పుట్టింటి దారి మూసుకుంది

గోదావరి పులసకు నివాళి రాయాల్సిన రోజు వస్తుందని మా తాతల తరం అనుకుని ఉండదు. జాతి మొత్తం అంతరించిపోలేదు, నిజమే. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస అని పిలిచే ఈ చేప బంగాళాఖాతంలో ఇంకా ఉంది. పద్మలో, మేఘనలో, ఐరావతిలో ఇంకా వలలకు పడుతూనే ఉంది. మనల్ని విడిచిపోయింది దాని ప్రయాణం. వరద ఎర్రనీరు సముద్రాన్ని తాకగానే, ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది మొగలోనూ భైరవపాలెం మొగలోనూ గుంపులు గుంపులుగా జొరబడి, వశిష్ఠ పాయ వెంట, గౌతమి పాయ వెంట ఎదురీది, పాపికొండల వైపు సాగిపోయే ఆ ప్రయాణం. ఇప్పుడు యానాం వేలంలో ఒక్క చేప ఇరవై వేలు దాటిందంటే పేపర్లో ఫొటో వేస్తున్నారు. ఏటి చేప ఒక్కటి దొరకడమే వార్త అయ్యే రోజు వచ్చిందంటే ఏరు ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

పులస మీద మనవాళ్లు చెప్పుకున్నదంతా కూర గురించే. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత దగ్గర మొదలై మట్టికుండ, చింతపండు పులుసు, బెండకాయలు, రాత్రి వండి మర్నాడు తినడం దాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. ఆ రుచి నాకూ ప్రాణమే. కానీ ఆ చేప మన పొయ్యి కోసం రాలేదు. కాన్పు కోసం వచ్చింది. తొలిచూలు ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు, తను పుట్టిన మంచినీటిని వెతుక్కుంటూ వచ్చింది. ఆ సంగతి ఒక్కటీ మన కబుర్లలోకి రాలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ దాని కాన్పు గురించే.

ఇలస ఏడాదిలో ఎక్కువ కాలం తీరానికి దగ్గరగా ఉప్పునీటిలో తిరుగుతుంది. నోరు తెరుచుకుని నీటిని మొప్పల గుండా వడకట్టి, అందులోని కంటికి కనపడని నాచునీ, సన్నని పురుగుల్నీ తింటుంది. ఆ తిండితోనే ఒంట్లో నూనె కూడబెట్టుకుంటుంది. వానలు పడి వరద గోదారి సముద్రంలో కలవగానే, తయారుగా ఉన్న ఆడా మగా కలిసి మొగల వైపు తిరుగుతాయి. ఉప్పునీటి చేప మంచినీటిలోకి రావడం అనుకున్నంత తేలిక కాదు. సముద్రంలో ఉన్నంతకాలం దాని మొప్పలూ మూత్రపిండాలూ ఒంట్లో చేరే ఉప్పును బయటికి తోస్తుంటాయి. ఏట్లోకి రాగానే అవే అవయవాలు ఉన్న ఉప్పు పోకుండా పట్టుకోవాలి, లోపలికి వచ్చిపడే నీటిని బయటికి తోడెయ్యాలి. బతికే తీరంతా తలకిందులవుతుంది. ఏదో వేరే లోకపు జీవి కథలో కల్పించినట్టుండే ఈ మార్పు ఏటా మన మొగల దగ్గరే జరిగేది.

ఎదురీత మొదలయ్యాక తిండి బాగా తగ్గిపోతుంది. దాచుకున్న నూనే దారిబత్తెం. ఒక వంక ఈతకి కరుగుతూ, మరోవంక కడుపులో శన, అంటే గుడ్లు, నింపుతూ ఆ నూనె ఖర్చవుతుంది. ఆడ చేప పెద్దది, మగది చిన్నది. ఆడదాని సైజును బట్టి ఒక్క కడుపులో లక్ష నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లుంటాయి. మనం లొట్టలేసుకుంటూ తినే రుచి ఆ నిండు చూలాలిది, ఆ దారిబత్తెంది. ఈ మాట రాస్తుంటే నాకు మనసు బాగోలేదు.

వీటికి జంట కట్టడం, గూడు కట్టడం లేవు. పారే నీటిలో ఆడది గుడ్లు వదులుతుంది, పక్కనే మగది వీర్యం వదులుతుంది, రెండూ ఏట్లోనే కలుస్తాయి. తల్లికీ తండ్రికీ పని అంతటితో అయిపోతుంది. ఇక పెంపకమంతా ఏటిదే. గుడ్డు మిల్లీమీటరు కన్నా చిన్నది. నీళ్లు పీల్చుకుని రెండు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది. పారే నీటిలో తేలుతూ దొర్లుతూ పోతుంది, నిలవనీటిలో మెల్లగా అడుగుకి దిగిపోతుంది. అడుగున ఒండ్రు కప్పేస్తే ఊపిరాడదు. పారుదలే దాని ఉయ్యాల. గుడ్లు పెట్టిన 18 నుంచి 26 గంటల్లో మూడు మిల్లీమీటర్లయినా లేని పిల్ల బయటికి వస్తుంది. ఆ పిల్ల నాలుగైదు నెలలు ఏట్లో పెరిగి, మొగల దగ్గరి ఉప్పూ చప్పా కలిసిన నీటికి అలవాటుపడి, సముద్రానికి పోతుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక అది తిరిగి ఎర్రనీటి కోసం చూస్తుంది.

ఇలస బంధువుల సంగతులు ఇంకా వింతగా ఉంటాయి. మలేసియాలోని సరవాక్ నదుల్లో దీని దాయాది ఒకటి మగదిగా పుట్టి, పెరిగాక ఆడదిగా మారుతుందని 1990ల్లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అక్కడ పెద్ద చేపలన్నీ తల్లులే కాబట్టి, పెద్దవాటిని ఏరి పట్టడం మొదలుపెట్టగానే జాతి కుప్పకూలింది. చైనాలో యాంగ్జీ నది ఎక్కే మరో దాయాది ఒకప్పుడు చక్రవర్తుల విందుల్లోకి వెళ్లేది. 1970ల్లో కూడా ఏటా వందల టన్నులు పడేది. ఆనకట్టలు వచ్చాయి, వలలు పెరిగాయి, 1980లు ముగిసేసరికి ఆ నదిలో దాని జాడ లేదు. మనం ఏ దారిలో ఉన్నామో ఆ నదిని చూస్తే తెలుస్తుంది.

మన తీరంలో ఈ చేప చరిత్ర చిన్నది కాదు. విశాఖపట్నంలో ఉండి చేపల బొమ్మలు గీయించిన పాట్రిక్ రస్సెల్ 1803లో లండన్‌లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మన జాలరుల నోటి మాటతోనే ‘పలసా’ అని రాసుకున్నాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ మాటనే దాని శాస్త్రీయ నామంలో కలిపాడు కూడా. కానీ అప్పటికే హామిల్టన్ అనే మరో శాస్త్రజ్ఞుడు గంగలోని ఇదే ఇలసకు 1822లో పేరు పెట్టేసి ఉండడంతో, హామిల్టన్ పెట్టిన పేరే స్థిరపడింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొరను తప్పుపట్టే నోరు గోదావరి జిల్లాల్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. కరువుల్లో మాడిన నేల మూడుపూటలా అన్నం తినడం ఆయన చలవే. అయినా ఆ రాతికట్ట చేపకు గోడ అయింది, దాన్ని ఒప్పుకోవాలి. ఆనకట్టలు ఇలసల దారికి అడ్డం పడుతున్నాయని చేపల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే 1873లో తన నివేదికలో చెప్పాడు. అంటే నూటయాభై ఏళ్లుగా మనకు తెలుసు. 1949లో చాకో, గణపతి అనే పరిశోధకులు గోదావరి ఇలస మీద ప్రత్యేకంగా పరిశోధన అచ్చువేశారు. అప్పటికి ఇక్కడ అది పరిశోధించదగ్గంత ఉండేది. 1980ల తొలినాళ్లకు పాత ఆనకట్ట స్థానంలో గేట్ల బ్యారేజీ నిలిచింది. వరద ముదిరి గేట్లన్నీ ఎత్తేసిన రోజుల్లో ఎగువా దిగువా నీళ్లు దాదాపు సమానమై కొన్ని చేపలకు ఎక్కే వీలుంటుంది. గేట్లు దించితే అంతే.

గోడ ఒక్కటే కారణమైతే ఆనకట్ట కట్టాక కూడా నూరేళ్లకు పైగా పులస దొరికేది కాదు. వేసవిలో బ్యారేజీ కింద గోదారి పారడమే లేదు. రెండో పంట దాళ్వాకి ఎగువ సీలేరు నుంచి వదిలే నీళ్లు కూడా చాలని ఏళ్లలో సముద్రానికి ఏం వదులుతాం? ఉప్పు పైపైకి ఎగదన్నుతుంది, పిల్లలు పెరగాల్సిన మంచినీటి పాయలు కుంచించుకుపోతాయి. ఇసుక మేటలు వేసి మొగలు పూడుకుపోతున్నాయి. చేపల, రొయ్యల చెరువుల మురుగునీరు డ్రెయిన్లలోంచి పాయల్లోకి దిగుతోంది. ఏట్లో సన్న కన్ను వలలకు అరచేయంత లేని పిల్లలు కూడా పడుతున్నాయి. ఇక మొగ దగ్గర ఎర్రనీరు రాగానే ఎదురుగా వలల గోడ లేస్తుంది. ఈ మాటతో వల వేసేవాణ్ణి నిందించడం లేదు. ఒక్క చేప నెల సంపాదన తెచ్చిపెడుతుంటే ఇంట్లో పిల్లలున్నవాడు వల వేయకుండా ఎలా ఉంటాడు? ఆ ధర పెట్టింది మనం. అంతస్తు చూపించుకోవడానికి వేలంలో పాడింది మనం. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసులో వచ్చిన సముద్రపు ఇలసను పులసని అమ్ముతుంటే అడక్కుండా కొంటున్నదీ మనమే.

పోలవరం స్పిల్‌వేలో చేపలెక్కడానికి మెట్లు కట్టారు. పులసను దృష్టిలో పెట్టుకుని, కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ సలహాతో కట్టినవి. మన దేశంలో ఒక భారీ ప్రాజెక్టు చేప గురించి ఈ మాత్రం ఆలోచించడం అరుదు. ఆ పని చేసినవాళ్లకు నమస్కారం. అయితే ధవళేశ్వరం దాటితేనే కదా పోలవరం మెట్లు ఎక్కేది. ఎక్కినా, పైన జలాశయం నిండాక పారుదల సన్నగిల్లుతుంది. గుడ్డుకు కావలసింది పారుదల. మెట్లతో పాటు ఏటికి ప్రాణం ఉండాలి.

నిరాశతో ఈ వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదు, కారణం బంగ్లాదేశ్. వాళ్లు ఆశ్వయుజ పున్నమిని చూసుకుని ఏటా 22 రోజులు ఇలస వేటను పూర్తిగా ఆపుతారు. తరవాత నవంబరు నుంచి జూన్ దాకా పిల్ల చేపను పట్టనివ్వరు. పడవ కట్టేసిన కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఇరవై ఏళ్లలో వాళ్ల ఇలస దిగుబడి సుమారు రెండు లక్షల టన్నుల నుంచి పెరిగి ఐదు లక్షలు దాటింది. తల్లిని కొన్నాళ్లు వదిలేస్తే ఈ చేప ఎంత త్వరగా కోలుకుంటుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

మనకూ వేట నిషేధం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ రోజులకు మత్స్యకారులకు భృతి కూడా ఇస్తున్నారు. కానీ నిషేధం ఎత్తేశాక కొద్ది వారాలకే పులస మొగకు వస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు కాపాడి, కడుపుతో ఇంటికి వచ్చిన వేళ పట్టేస్తున్నాం. గోదావరిలో అది గుడ్లు పెట్టే రోజులేవో శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పాలి. ఆ కొద్ది రోజులూ మొగల్లో, పాయల్లో వలలు ఆపి, పడవ కట్టేసినవాడికి పూర్తి భృతి ఇవ్వాలి. బ్యారేజీ దగ్గర కూడా చేపకు దారి విడవాలి. ఎకరాలు తడపడానికి వందల కిలోమీటర్ల కాలువలు తవ్వుకున్న డెల్టాకి ఇది మోయలేని బరువు కాదు.

ఇన్ని శతాబ్దాలు మా ఊళ్లకు పేరు తెచ్చి, మా జాలరుల ఇళ్లలో పొయ్యి వెలిగించి, తన బిడ్డల కోసం మమ్మల్ని నమ్మి ఏట్లోకి వచ్చిన గోదావరి పులసకు ఇదే నా నివాళి. చదివేవారిని ఒక్కటే కోరుతున్నాను. ఈసారి ఎర్రనీరు వచ్చినప్పుడు శనతో ఉన్న పులసను కొనకండి, ఎవరైనా వండి పెట్టినా వద్దనండి.