జావా మట్టిలో వెలసిన దేవాలయం: హెన్రీ మక్లేన్ పాంట్

దేవాలయం అనగానే ఎత్తైన గంటల గోపురం, కొనదేలిన కిటికీలు మన కళ్ళ ముందు మెదులుతాయి. ఇండోనేషియాలోని జావా ద్వీపంలో, కెదిరి పట్టణానికి సమీపాన ఉన్న పుహ్‌సారాంగ్ కతోలిక దేవాలయం అలా ఉండదు. దానిని రూపొందించిన హెన్రీ మక్లేన్ పాంట్ గారిని మన సంఘస్థులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1884లో బటావియా (నేటి జకార్తా) దగ్గర డచ్చి కుటుంబంలో జన్మించారు. హాలండులోని డెల్ఫ్ట్‌లో వాస్తువిద్య అభ్యసించి తిరిగి జావాకే వచ్చారు. 1920లో ప్రారంభమైన బాండుంగ్ సాంకేతిక విద్యాలయ భవనాలు ఆయన రూపకల్పనే. తరువాత దేశాధ్యక్షులైన సుకర్ణో గారు చదివినది అక్కడే.

జావా ప్రజలకు తమదంటూ వాస్తుకళ లేదని ఆ రోజుల్లో కొందరు డచ్చివారు వాదించేవారు. వోల్ఫ్ స్కూమాకర్ అనే ప్రసిద్ధ శిల్పితో పాంట్ గారికి ఈ విషయమై పెద్ద వాదమే జరిగింది. గోడలు లేక స్తంభాల మీద నిలిచే పెందోపో మండపంలో, పల్లె వడ్రంగుల చేతిపనిలో సజీవమైన కళ ఉన్నదని పాంట్ గారి నమ్మకం. నమ్మి ఊరుకోలేదు. ప్రాచీన మజపహిత్ రాజ్యపు శిథిలాలున్న త్రోవులాన్‌లో ఏళ్ళ తరబడి పరిశోధించి, అక్కడ ప్రదర్శనశాల ఏర్పడటానికి కారకులయ్యారు.

ఆ శ్రమ ఫలితం పుహ్‌సారాంగ్‌లో కనబడుతుంది. విన్సెంటు సభకు చెందిన యాన్ వోల్టర్స్ గురువుల కోరికపై 1936లో అది నిర్మితమైంది. గోడలకు, ద్వారాలకు గుండ్రాళ్ళు వాడారు. పైకప్పు మన దూలాల పద్ధతి కాదు. కొయ్య కమానుల మీద, లోహపు తీగెల ఆధారంతో, గుడారంవలె వంగి పెంకులను మోస్తుంది. చూసినవారికి నోవా ఓడ తలపుకు వస్తుంది. స్థానిక సంస్కృతులను ఆదరించమని రెండవ వాటికను మహాసభ చెప్పడానికి పాతికేళ్ళకు ముందే ఈ పని జరిగిందని గమనించాలి. వాదంలో గెలుపెవరిదో ఆ మండపంలో మోకరించిన రైతులే తేల్చారని మా అభిప్రాయం.

తరువాతి రోజులు కష్టమైనవి. జపానువారు జావాను ఆక్రమించినప్పుడు ఆయన నిర్బంధ శిబిరం పాలయ్యారు. యుద్ధం ముగిశాక పుట్టిన గడ్డను విడిచి హాలండు చేరారు. 1971లో అక్కడే మరణించారు.

పుహ్‌సారాంగ్ నేడు పేరొందిన యాత్రాస్థలం. జావావారి అయిదు రోజుల వారం ప్రకారం లెగి అనే రోజు, మన శుక్రవారం కలిసేది ముప్పైఅయిదు రోజులకొకసారి. ఆ శుక్రవారానికి ముందు రాత్రి అక్కడ దివ్యబలిపూజకు జనం తండోపతండాలుగా వస్తారు.