రాబర్టు ఓవెన్

పదునెనిమిదవ శతాబ్దము చివరి భాగమున బ్రిటను దేశమునందు యంత్రయుగము ప్రారంభమయ్యెను. అంతవరకు ఇంటికడ రాట్నముపై నూలు వడికినవారు స్వగ్రామములు విడిచి నూలుమిల్లులకు చేరిరి. తెల్లవారకమున్నే పనిలో దిగి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరుట వారికి నిత్యకృత్యమయ్యెను. పసిపిల్లలకును ఆ శ్రమ తప్పలేదు. పెక్కు మిల్లులలో యజమాని పనివారిని యంత్రములకు జతపడిన పరికరములుగా మాత్రమే చూచుచుండెను. అట్టి కాలమున, పనిచేయు చోటును పదిమంది తమదని చెప్పుకొను ఊరుగా మార్పబూనిన మహనీయుడు రాబర్టు ఓవెన్.

ఓవెన్ 1771వ సంవత్సరము మే 14వ తేదీన వేల్సు దేశములోని న్యూటౌను అను చిన్న పట్టణమునందు జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టుచు, ఇనుపసామానులు అమ్ముచు కుటుంబమును పోషించుచుండెను. పదియేండ్ల ప్రాయముననే ఓవెన్ బడి మాని, బట్టల వర్తకము నేర్చుకొనుటకై ఇల్లు విడిచెను. బడి మానినను చదువు మానలేదు. యజమాని ఇంటనున్న పుస్తకములను తీరిక వేళల చదువుకొనెను. సుమారు 20 ఏండ్ల వయసున మాంచెస్టరు నగరమందు 500 మంది పనిచేయు నూలుమిల్లునకు నిర్వాహకుడయ్యెను.

స్కాట్లండులో క్లైడు నదీ జలపాతముల చెంత న్యూ లానార్కు అను మిల్లుగ్రామము కలదు. డేవిడ్ డేల్ అను వర్తకుడు అచట నెలకొల్పిన మిల్లులు 1786లో పని ప్రారంభించెను. నదీప్రవాహపు బలముననే వాని యంత్రములు తిరుగుచుండెను. 1799లో ఓవెన్ భాగస్వాములతో కలసి ఆ మిల్లులను కొనెను. అదే సంవత్సరమున డేల్ కుమార్తె కరొలైనును వివాహమాడెను. 1800 జనవరిలో మిల్లుల నిర్వహణ భారము వహించెను.

ఆ గ్రామమున సుమారు 2,000 మంది నివసించుచుండిరి. వారిలో దాదాపు 500 మంది ఎడింబరో, గ్లాస్గో నగరముల అనాథాశ్రమములనుండి తెచ్చిన పిల్లలు. మరికొందరు ఉత్తరపు కొండసీమలవారు. 1791లో అమెరికాకు వలసపోవుచున్న ఓడ యొకటి తుపానువలన వెనుకకు మరలి స్కాట్లండు రేవును చేరగా, అందలి ప్రయాణికులలో పలువురకు డేల్ పని యిచ్చి నిలుపుకొనెను. ఇట్లు నానాచోట్లనుండి వచ్చినవారు ఒకచోట పనిచేయుచుండిరే గాని ఒక సంఘముగా ఏర్పడలేదు. త్రాగుడు, దొంగతనము, కలహము అచట మెండుగా నుండెను. క్రొత్త యజమాని పరదేశి; అతని మాటతీరు వేరు. కావున అతడు చేయదలచిన ప్రతి మార్పును వారు అనుమానముతో చూచిరి.

మనుష్యుని స్వభావమును అతని పరిసరములే తీర్చునని ఓవెన్ విశ్వాసము. అందువలన తప్పుచేసినవారిని శిక్షించుటకు మారుగా, తప్పునకు దారితీయు పరిస్థితులను తొలగింపబూనెను. ఇండ్లను బాగుచేయించెను, వీధులను శుభ్రపరపించెను. అంగళ్లలో నాసిరకపు సరకును హెచ్చువెలకు కొని పనివారు నష్టపోవుట గమనించి, మంచి సరకును తక్కువ వెలకు అమ్ము దుకాణమును పెట్టించెను. దానిపై వచ్చిన లాభము పిల్లల చదువునకు వినియోగపడెను. పదియేండ్లు నిండని అనాథబాలలను పనిలో చేర్చుకొను పద్ధతిని మాన్పెను.

మిల్లులో కొట్టుట, తిట్టుట అతనికి గిట్టదు. ప్రతి పనివాని చెంత నాలుగు రంగుల చిన్న కొయ్యముక్కను వ్రేలాడదీయించెను. ముందటి దినపు నడవడిని బట్టి నలుపు, నీలము, పసుపు, తెలుపు రంగులలో ఒకటి పైకి కనబడునట్లు త్రిప్పబడుచుండెను. నేటివారికిది కాపలావలె తోచవచ్చును. అయితే తనకు అన్యాయము జరిగినదని తలచిన పనివాడు నేరుగా ఓవెనునకే మొరపెట్టుకొనవచ్చును.

ఇన్ని చేసినను పనివారి అనుమానము పూర్తిగా వీడలేదు. వారి మనసు మార్చినది ఒక ఆపద. 1807 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము విదేశములకు ఎగుమతులను నిషేధించెను. ప్రత్తి ధర విపరీతముగా పెరిగెను. యజమానులు మిల్లులు మూసి పనివారిని పంపివేయుచున్న దినములవి. ఓవెనును యంత్రములను నిలిపివేసెను. కాని ఒక్కరినైనను పంపివేయలేదు. యంత్రములను శుభ్రముగా నుంచుటయే వారికి పని. ఇట్లు నాలుగు నెలలు గడచెను. అంతకాలమును అందరకును పూర్తి జీతము ముట్టెను. ఇందుకు 7,000 పౌనులకు పైగా వ్యయమయ్యెను. ఆ నాలుగు నెలలలో పనివారు యజమానిని తెలిసికొనిరి. అటుపిమ్మట అతని మాటకు ఎదురు లేకపోయెను.

లాభమునే కోరిన భాగస్వాములకు మాత్రము ఓవెన్ పనులు రుచింపలేదు. 1813 చివర మిల్లులు వేలమునకు వచ్చెను. నూటికి ఐదు వంతుల లాభముతో తృప్తిపడుటకు అంగీకరించిన క్రొత్త భాగస్వాములను కూర్చుకొని, 1,14,100 పౌనులకు ఓవెన్ వానిని తిరిగి దక్కించుకొనెను. అతడు మరలి వచ్చిన దినమున గ్రామస్థులు అతని బండి గుఱ్ఱములను విప్పి, తామే బండిని లాగుకొనిపోయిరి.

1816 జనవరి 1వ తేదీన గ్రామమున గొప్ప విద్యామందిరము తెరువబడెను. నడక వచ్చిన పిల్లలు మొదలు అందరకును అందు చోటుండెను. దండన లేదు. పటములు, ఆటలు, పాటలు, నృత్యము చదువులో భాగములయ్యెను. సాయంకాలము పెద్దలును అచటికే వచ్చి చదువుకొనుచుండిరి. పనివేళలు 11 గంటలకు లోబడెను. జీతములో అరువదవ వంతు కూడబెట్టి రోగులను, వృద్ధులను ఆదుకొనిరి. దూరదేశములనుండి ప్రముఖులు వచ్చి ఆ గ్రామమును చూచిపోయిరి.

బాలకార్మికుల రక్షణకై ఓవెన్ చేసిన కృషి వలన 1819లో చట్టము వచ్చినను, అది అతడు కోరినంత బలమైనది కాలేదు. 1825లో అతడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున న్యూ హార్మనీ అను సమసమాజమును స్థాపించెను. పలు అభిప్రాయములవారు త్వరత్వరగా అచట చేరిరి. ఒకరి నొకరు ఎరిగి నమ్ముకొనుటకు ముందే వివాదములు పుట్టెను. రెండేండ్లకే అది విచ్ఛిన్నమయ్యెను. ఓవెన్ ధనములో అధికభాగము హరించిపోయెను. అయినను అతని భావములు నశింపలేదు. 1844లో రాచ్‌డేలు పట్టణపు పనివారు కొందరు వానిచే ప్రభావితులై సహకార దుకాణమును తెరచిరి.

1858 నవంబరు 17వ తేదీన ఓవెన్ తాను పుట్టిన న్యూటౌనులోనే కన్నుమూసెను. న్యూ లానార్కు మిల్లులు 1968 వరకు నడచెను. 2001లో ఆ గ్రామము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందెను.

పనిచేయు చోటు మనదను భావము ఆజ్ఞలవలన కలుగదు. కష్టకాలమున చేయి విడువనివానినే జనులు తమవానిగా తలంతురు. న్యూ లానార్కులో యంత్రములు నిలిచిన ఆ నాలుగు నెలలు మనకు నేర్పు పాఠమిదియే.