నిమిషాల ప్రయాణం.. ఏళ్ల కష్టం

రాకెట్‌ నేల వదిలి కక్ష్య చేరడానికి నిమిషాలు చాలు. దాని వెనక ఏళ్ల కష్టం ఉంటుందని చెప్పే జీవితం సతీశ్‌ ధవన్‌ది. 1920లో శ్రీనగర్‌లో పుట్టిన ఆయన ఇంజినీరింగే కాదు, ఆంగ్ల సాహిత్యమూ చదివారు. 1951లో అమెరికాలో పీహెచ్‌డీ ముగించుకుని బెంగళూరు ఐఐఎస్సీలో చేరారు. 1972లో ఇస్రో పగ్గాలు అందుకున్నారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 కాసేపటికే బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందు బాధ్యత ధవన్‌ తనమీద వేసుకున్నారు. లోపం రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఉందని తేల్చి, సరిచేశారు. 1980 జులై 18న రోహిణి కక్ష్యలోకి చేరింది. ఆరోజు మాట్లాడే అవకాశం మాత్రం ప్రాజెక్టు సారథి కలాంకి ఇచ్చారు. 2002లో ధవన్‌ కన్నుమూశాక శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

అనంతపురంలో రూమ్‌ తీసుకుని ప్రిపేరవుతున్నారా? మొదటి అటెంప్ట్‌ పోయిందా? వాన మొహం చాటేసినా మన రైతు మరుసటి ఏడు మళ్లీ వేరుశనగ విత్తుతాడు. మీరూ ఎక్కడ తప్పిందో రాసుకుని, మళ్లీ మొదలెట్టండి.